ఫోన్ బాక్సు మీద ధర పక్కనే చివరి అప్‌డేట్ తేదీని కూడా అచ్చు వేయించండి: ఒక బహిరంగ లేఖ

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,
మన దేశంలో స్మార్ట్‌ఫోన్లు అమ్ముతున్న కంపెనీల బాధ్యులకు,

విషయం: ఫోన్లకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఏ తేదీ వరకు అందుతాయో కొనే ముందే తెలిసేలా చేయాలన్న విన్నపం.

ఆర్యా,

నేను నెల్లూరు జిల్లా కావలిలో 2013 నుంచి సెల్‌ఫోన్ల అమ్మకం, రిపేరు దుకాణం నడుపుకుంటున్నాను. ఈ లేఖలోని సంగతుల్లో ఒకదాన్ని మొదట ఒక ఫోన్ తయారీ కంపెనీకే రాశాను. ఏడాది కాలంలో మూడు మెయిళ్లు పంపితే మూడుసార్లూ ఒకే మూస జవాబు వచ్చింది, కింద మనిషి పేరు కూడా లేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. తప్పు ఆ ఒక్కరిదే అయితే మీ దాకా రావలసిన అవసరం ఉండేది కాదు. మీ సమయం విలువ తెలిసినవాణ్ణి కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

తుమ్మలపెంట వైపు నుంచి చేపల గంప తెచ్చి మా వీధిలో అమ్మే ఒక పెద్దావిడ పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చి, ఫోనును కొంగుతో తుడిచి కౌంటరు మీద పెట్టింది. కవరు అంచుల్లో పొలుసులు అంటుకుని ఉన్నాయి. డబ్బు పంపే యాప్ తెరిస్తే, ఈ ఫోనులో ఇకపై పనిచేయదన్న సందేశం ఒక్కటే కనబడుతోంది. "ఏంది నాయనా, ఫోను ఎలగతా ఉండాది, మాటలు వినపడతా ఉండాయి, బ్యాంకులో డబ్బులుండాయి, మరి పంపేదానికి ఎందుకు రాదంటుండాది?" అని అడిగింది. తెల్లవారుజామున పడవ వాళ్లకు డబ్బు వేస్తేనే ఆమె గంపలోకి సరుకు వస్తుంది. నేను సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోన్ వివరాలు చూశాను. ఫోనును నడిపే ఆండ్రాయిడ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ పాతది, దానికి వచ్చిన చివరి సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా సవరణ) తేదీ నాలుగేళ్ల పైనాటిది. ఆమె ఆ ఫోను కొని మూడేళ్లే అయింది, కొన్నది మా దుకాణంలోనే. అంటే నేను సీలు విప్పి, దేవుడి పటానికి చూపించి ఆమె చేతిలో పెట్టిన రోజుకే దానికి రావలసిన చివరి అప్‌డేట్ వచ్చి వెళ్లిపోయి ఏడాది దాటింది. ఆ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా అప్పటికి నాకు లేదు. బాక్సు మీద ఎంఆర్‌పీ ఉంది, తయారైన నెల, సంవత్సరం ఉన్నాయి, ఛార్జరు ఎన్ని వాట్లదో ఉంది, ఈ ఒక్క తేదీ మాత్రం లేదు.

మా దగ్గర రైతు పురుగుమందు డబ్బా కొంటే ముందు గడువు తేదీ చూస్తాడు. విత్తన సంచి కొంటే చెల్లుబాటు ఎప్పటిదాకా ఉందో చూస్తాడు, అచ్చు చెరిగిపోయి ఉంటే సంచి వెనక్కి నెట్టేస్తాడు. అదే మనిషి పన్నెండు వేలు పెట్టి వాయిదాల మీద ఫోను కొనేటప్పుడు చూసుకోవడానికి అలాంటి తేదీయే లేదు.

ఇలా ఎందుకు జరుగుతోందో అర్థం కావాలంటే, పోటీలో ఉన్న రెండు రకాల ఫోన్లకూ అప్‌డేట్ నడిచి వచ్చే దారిని చూడాలి. ఐఫోన్ విషయంలో ఫోనూ, ప్రధాన చిప్పు రూపకల్పనా, అందులోని ఐఓఎస్ సాఫ్ట్‌వేరూ అన్నీ యాపిల్ సంస్థవే. వాళ్లు అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పదింటికి అప్‌డేట్ వదిలితే, మనకు రాత్రి పదిన్నరకో, చలికాలమైతే పదకొండున్నరకో కావలిలోని ఐఫోనుకూ అదే అప్‌డేట్ కనబడుతుంది. వాళ్ల జాబితాలో ఉన్నంత కాలం నిరుటి మోడల్‌కూ నాలుగేళ్ల కిందటి మోడల్‌కూ తేడా ఉండదు. 2013లో అమ్మకానికి వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు కొత్త వెర్షన్లు 2018 నాటి ఐఓఎస్ 12తోనే ఆగిపోయినా, భద్రతా సవరణ ఒకటి 2023 జనవరిలో కూడా అందింది.

ఆండ్రాయిడ్ దారి పొడుగైనది. గూగుల్ సంస్థ సవరణ తయారుచేసి విడుదల చేస్తుంది. దాన్ని క్వాల్‌కామ్, మీడియాటెక్ వంటి చిప్పు తయారీదారులు తమ చిప్పులకు సరిపడేలా మార్చాలి. ఆ తరువాత ఫోన్ కంపెనీ తన సొంత హంగులన్నీ తగిలించి, ఒక్కో మోడల్‌కూ విడివిడిగా పరీక్షించి, మొదట కొద్దిమందికి, తరువాత మిగిలినవారికి విడతలుగా వదులుతుంది. ఈ వరుసలో ఎవరు చేతులెత్తేసినా కింద ఉన్నవారికి ఏమీ రాదు. చిప్పు తయారీదారు ఆ చిప్పును వదిలేశాడంటే ఫోన్ కంపెనీకి మనసున్నా చేయడం కష్టం. కావలి కాలువ కింద చివరి భూముల రైతులకు ఈ బాధ వివరించి చెప్పనక్కరలేదు. పైన జలాశయం నిండిందని పేపర్లో చదువుతారు, తూము తూముకూ ఆగి ఆగి వచ్చే నీళ్ల కోసం గట్టు మీద కూర్చుంటారు. ఐఫోన్ వాడేవారిది చేలోనే సొంత బోరు.

గూగుల్ ఏమీ చేయలేదని అనను. 2014 సెప్టెంబరులో మన దేశంలోనే మొదలైన ఆండ్రాయిడ్ వన్ ఫోన్లను నేనే అమ్మాను. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలవి, ధర 6,399 రూపాయల నుంచి, అప్‌డేట్లు గూగుల్ చూసుకుంటుందన్న మాటతో వచ్చాయి. అంత చక్కటి ఆలోచన మన చౌక ఫోన్లలో నిలవకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడి, ఒక్క మెసేజ్‌తో ఫోనును లోబరచుకోవచ్చని తెలిశాక నెలనెలా భద్రతా సవరణలు ప్రకటించడం మొదలైంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో ప్రాజెక్ట్ ట్రెబుల్ పేరిట చిప్పుకు సంబంధించిన భాగాన్ని మిగతా సాఫ్ట్‌వేర్ నుంచి వేరుచేశారు. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాలు ఫోన్ కంపెనీతో పని లేకుండా ప్లే స్టోర్ దారిలోనే వస్తున్నాయి. దీనితో ఒక కొత్త తికమక కూడా వచ్చింది. సెట్టింగ్స్‌లో ఇప్పుడు రెండు తేదీలు కనబడతాయి. ప్లే స్టోర్ దారిలో వచ్చే భాగాలకు చెందిన ప్లే సిస్టమ్ తేదీ కొత్తగా ఉంటే ఫోనంతా కొత్తగానే ఉందని జనం అనుకుంటారు, పైన ఉన్న సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఎన్నాళ్ల నాటిదో చూడరు.

యాపిల్‌ను పొగడడానికి ఇదంతా రాయడం లేదు. అప్‌డేట్ల వల్ల ఫోన్లు నెమ్మదించాయన్న విషయంలో 2018లో ఇటలీ నియంత్రణ సంస్థ యాపిల్‌కు 1 కోటి యూరోలు, సామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. పైగా ఐఫోన్ అడిగేవారు మా దుకాణానికి నెలకు ఇద్దరో ముగ్గురో వస్తారు. అది కొనుక్కోమని సలహా ఇవ్వడం, నీళ్లు రాకపోతే బోరు వేయించుకోమని కౌలు రైతుకు చెప్పినట్టే ఉంటుంది.

అసలు చిక్కు లెక్క మొదలుపెట్టే రోజులో ఉంది. కంపెనీ మూడేళ్ల అప్‌డేట్లు అన్నదంటే, సాధారణంగా ఆ మోడల్ మొదట విడుదలైన రోజు నుంచి మూడేళ్లు. బెంగళూరులో మొదటి వారంలోనే కొన్నవారికి మూడేళ్లూ దక్కుతాయి. అదే మోడల్ ధర తగ్గాక, డిస్ట్రిబ్యూటరు పాత స్టాకు వదిలించుకునేటప్పుడు, దసరా ఆఫరులో మా దగ్గర కొన్నవారికి ఏడాదో, అంతకన్నా తక్కువో మిగులుతుంది. డబ్బు తక్కువ ఉన్నవారే ఆలస్యంగా కొంటారు, కాబట్టి తక్కువ కాలం దక్కేదీ వారికే. 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కు, 2024 జనవరిలో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కు ఏడేళ్లు ఇస్తామన్నారు, సంతోషమే. వాటి ధరలు 75,999, 79,999 రూపాయల నుంచి మొదలయ్యాయి.

దీనివల్ల మామూలు మనుషులకు కలుగుతున్న నష్టాలను నేను చూసినంత వరకు చెబుతాను.

1. డబ్బుకు కాపు లేదు. గూగుల్ ఏ లోపాన్ని సరిచేసిందో ప్రకటించిన రోజు నుంచి ఆ లోపం సంగతి దొంగలకూ తెలుస్తుంది. ఆ ప్రకటనకు కనీసం నెల ముందే ఫోన్ కంపెనీలకు తెలియజేస్తామని గూగుల్ రాస్తూ వచ్చింది. అయినా ఆ సవరణ చాలా చౌక ఫోన్లకు నెలలు గడిచినా చేరదు, కొన్నిటికి ఎప్పటికీ చేరదు. ఫలానా ఇంటి గడియ పడదని ఊరంతా చాటింపు వేసి, ఆ ఇంటివాళ్లకు మాత్రం చెప్పకపోవడం లాంటిది ఇది. అదే ఫోనులో ఇప్పుడు బ్యాంకు ఖాతా ఉంది, ఆధార్ నకలు ఉంది, డ్వాక్రా గ్రూపు లెక్క ఉంది. ఇక భద్రత కోసమే బ్యాంకు యాప్‌లు పాత వెర్షన్లను వదిలేస్తే, ఆ చేపలమ్మే ఆవిడలాగా ఖాతాలో డబ్బుండి కూడా పంపలేని స్థితి వస్తుంది. ఆ రోజు ఆమె తరఫున పడవ వాళ్లకు నేను డబ్బు వేశాను. రోజూ వేయలేను కదా.

2. ప్రభుత్వ సేవలు ఫోనులోకి వెళ్లిపోయాయి. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి పని చోటే ఫోనులో ఫొటోలు తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు, ఆ ఫోను చాలాచోట్ల మేట్, అంటే కూలీల గ్రూపును చూసుకునే ఆవిడ, సొంత డబ్బుతో కొన్నదే. మేట్ ఫోనులో యాప్ తెరుచుకోకపోతే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు, ఎండలో మట్టి తవ్విన ఆ గ్రూపు మొత్తం. వాట్సాప్ కూడా పాత వెర్షన్లను ఎప్పటికప్పుడు వదిలేస్తూనే ఉంటుంది. 2025 మే నెలలో ఐఓఎస్ 15.1 కన్నా పాతవాటిని వదిలేసింది. పైన చెప్పిన ఐఫోన్ 5ఎస్ కథ కూడా అక్కడికే వచ్చి ఆగింది.

3. అప్‌డేట్ వచ్చినా ఎక్కించుకోవడం అందరివల్లా కాదు. పెద్ద అప్‌డేట్ రెండు మూడు జీబీలు ఉంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు వేయించుకున్న వ్యవసాయ కూలీ ఇంట్లో వైఫై ఉండదు. ఫోనులో ఖాళీ చోటూ ఉండదు, మనవరాలి ఫొటోలు తీసేయమంటే ఎవరు ఒప్పుకుంటారు?

4. గీత పడుతోంది. ఇది మా రిపేరు బల్ల మీద రోజూ నలిగే మాట. అమోలెడ్ అనే రకం తెర ఉన్న కొన్ని ఫోన్లలో రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తెర మీద పైనుంచి కిందికి ఆకుపచ్చ గీత ఒకటి నిలబడుతోంది. డిగ్రీ చదివే ఒక అబ్బాయి అలాంటి ఫోను పట్టుకుని నెల్లూరు సర్వీస్ సెంటరుకు యాభై కిలోమీటర్లకు పైగా బస్సులో వెళ్లాడు. వారంటీ ఏడాదితో అయిపోయింది కాబట్టి తెర మార్చడానికి ఫోను కొన్న ధరలో సగానికి పైగా అడిగారట. గీతతోనే ఇంటికి వచ్చి, గీతతోనే పరీక్షల నోట్సు చదువుకున్నాడు. తప్పు తెరదా, అప్‌డేట్‌దా అన్న విచారణ చేయగలిగే స్తోమత అతనికీ లేదు, నాకూ లేదు. చేయగలిగిన కంపెనీ చేయదు. నా మూడు మెయిళ్లూ ఈ ఫోను గురించినవే. ఈ దెబ్బతో మా ఊళ్లో అప్‌డేట్ అంటేనే భయం పట్టుకుంది. భద్రతా సవరణ వచ్చినా, "అన్నా, వద్దు, నువ్వు ముట్టుకోవద్దు" అంటున్నారు. ఆ మాటను తప్పు పట్టడానికి నా నోరు రావడం లేదు.

5. ఇంట్లో కొత్త ఫోను కొడుక్కి వస్తే, అప్‌డేట్లు ఆగిపోయిన పాతది అమ్మమ్మకు వెళుతుంది. ఓటీపీ చెప్పమని ఫోను చేసేవాళ్లు ముందుగా వెతికేది కూడా అమ్మమ్మలనే.

ఇక మా కోరికలు. ఇవి చేయలేనివేమీ కావని ముందే మనవి చేస్తున్నాను. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలి. అక్కడ చట్టం అడిగింది కాబట్టే యాపిల్ సైతం ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌కు 2023 సెప్టెంబరు 22 నుంచి కనీసం 5 ఏళ్లు అని రాతపూర్వకంగా ఇచ్చింది. ఐరోపా సమాఖ్య నిబంధనలు 2025 జూన్ 20 నుంచి అమలవుతున్నాయి. ఒక మోడల్‌ను మార్కెట్లోకి పంపడం ఆపిన రోజు నుంచి కనీసం 5 ఏళ్లు అన్నది వారి లెక్క. చౌక ఫోన్లకు ఇది గిట్టదని కంపెనీలు అనవచ్చు. 2024లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీ ఫోను ఇరవై వేల లోపుదే, దానికి ఆరేళ్లు ప్రకటించినప్పుడు మిగతావారికి ఎందుకు గిట్టదో వారే చెప్పాలి.

1. ప్యాకెట్ సరుకులకు సంబంధించిన 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు మీ శాఖ కిందివే. ఎంఆర్‌పీ, తయారైన నెల బాక్సు మీద ఉంటున్నది వాటి వల్లనే. వాటిలో ఇంకొక్క పంక్తి చేర్చండి: "ఈ ఫోనుకు భద్రతా అప్‌డేట్లు ఫలానా నెల, ఫలానా సంవత్సరం వరకు." ఎన్నేళ్లు అని కాకుండా తేదీయే ఉండాలి, ఏళ్లని రాస్తే ఎప్పటి నుంచి అన్న తగాదా మళ్లీ మొదటికి వస్తుంది. దాన్ని క్యూఆర్ కోడ్ వెనుక దాచనివ్వకండి. కొత్త ఫోను కొనడానికి వచ్చిన మనిషి చేతిలోని పాత ఫోనులో కెమెరా పనిచేయకపోవచ్చు. ఆ పంక్తి తెలుగులో కూడా ఉంటే మరీ మేలు.

2. ఆ తేదీ, కంపెనీ ఆ మోడల్‌ను దుకాణాలకు పంపడం ఆపిన రోజు నుంచి లెక్కించినదై ఉండాలి. ఐరోపా నిబంధన రాతలో సందులున్నాయన్న వాదన అక్కడే నడుస్తోంది, మన దగ్గర రాసేటప్పుడు ఆ సందు లేకుండా రాయండి.

3. గూగుల్ ప్రకటించిన ముఖ్యమైన భద్రతా సవరణను రెండు నెలల్లోగా ఫోన్లకు చేర్చాలి. చేర్చలేకపోతే ఏ మోడల్‌కు ఎందుకు చేరలేదో కంపెనీ తన సైటులో రాయాలి.

4. అధికారిక అప్‌డేట్ పెట్టిన కొద్ది రోజుల్లో తెరలో గీత పడినా, ఫోను లోగో దగ్గరే ఆగిపోయినా, అది అప్‌డేట్ వల్ల కాదని నిరూపించే బాధ్యత కంపెనీదే కావాలి. నిరూపించలేకపోతే వారంటీతో పని లేకుండా ఉచితంగా బాగుచేయాలి.

5. భద్రతా సవరణలను పెద్ద వెర్షన్ మార్పులతో కలపకుండా చిన్నవిగా విడిగా ఇవ్వాలి. కంపెనీ సర్వీస్ సెంటర్లలో వైఫై పెట్టి, అడిగినవారికి డబ్బు తీసుకోకుండా ఎక్కించాలి. మాలాంటి దుకాణాలవాళ్లం కూడా ఆ పనికి సిద్ధంగా ఉన్నాం, మాకు కావలసింది కంపెనీ ఇచ్చే అసలైన ఫైలు మాత్రమే. ఇప్పుడు అది దొరక్క కొందరు ఎక్కడెక్కడివో ఫైళ్లతో ఫ్లాషింగ్ చేస్తున్నారు, అంటే ఫోనులోకి సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కిస్తున్నారు, అందులో ఏముంటుందో ఎవరికీ తెలియదు.

ఫోన్లు ఎంత సులువుగా రిపేరు చేయవచ్చో తెలిపే సూచీ మీద మీ శాఖ వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చిందనీ, అందులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కూడా ఒక కొలమానంగా తీసుకున్నారనీ చదివి సంతోషించాను. కానీ సూచీలో అప్‌డేట్లకు ఎన్ని మార్కులు వచ్చాయో చూసి ఫోను కొనేవారు మా కౌంటరు దగ్గరకు రారు, తేదీ అయితే ఎవరైనా చదువుతారు. రెండూ ఉంచండి, తేదీని ముందుంచండి.

మీ జవాబు వచ్చేదాకా మా దుకాణంలో ఒక పని మొదలుపెట్టాను. అమ్మే ప్రతి ఫోను బాక్సు మీదా చిన్న తెల్ల స్టిక్కరు అంటించి, కంపెనీ సైటులో వెతికి, చివరి అప్‌డేట్ తేదీని పెన్నుతో రాసి ఇస్తున్నాను. అది చదివి ఇద్దరు ముగ్గురు ఫోను అక్కడే పెట్టేసి వెళ్లిపోయారు, మా గుమాస్తా నా మీద గునుస్తున్నాడు. ప్రస్తుతం అల్మరాలో ఉన్న మోడళ్లలో ఏడింటికి ఎంత వెతికినా ఆ తేదీ దొరకలేదు. వాటి స్టిక్కర్ల మీద గీత గీసి ఖాళీగా వదిలాను. ఆ ఖాళీలో ఏం రాయాలో ఆ కంపెనీల బాధ్యులు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సెల్‌ఫోన్ దుకాణదారు,
కావలి, నెల్లూరు జిల్లా.